తామరకు ఫినాయిల్ చెప్పకండి: బెంగళూరు పీజీ యజమానులకు బహిరంగ లేఖ

బెంగళూరులో పీజీలు, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు, నడుపుతున్న తెలుగు యజమానులకు, వార్డెన్లకు నమస్కారం.

నేను మారతహళ్లి వైపు ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మాది అనంతపురం జిల్లా. షాపు చుట్టూ ఎటు చూసినా పీజీలే కాబట్టి మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీ దగ్గర ఉండే పిల్లలే. వానలు మొదలైన దగ్గర్నుంచి వాళ్ల నోట ఒకటే మాట. "అన్నా, గజ్జల్లో దురద. వార్డెన్ అన్న డెట్టాల్ పట్టించమన్నాడు, పెద్ద బాటిల్ ఇవ్వు." ఇంకొకరు వచ్చి, "బకెట్ నీళ్లలో రెండు మూతల ఫినాయిల్ పోసుకుని స్నానం చేస్తే తామర పోతుందంట కదా?" అంటారు. అడిగినవాళ్లకు కాదని చెప్పి పంపిస్తాను. అడగకుండా బాత్రూం మూలనున్న డబ్బా అందుకునేవాళ్ల గురించే నా టెన్షన్ అంతా.

ఈ ఉత్తరం డాక్టర్లకు కాకుండా మీకు రాయడానికి కారణం ఉంది. ఊరొదిలి వచ్చిన కుర్రాడికి ఒంట్లో బాగాలేకపోతే ముందు చెప్పుకునేది మీకే. అమ్మకు ఫోన్లో చెప్పలేని చోట దురద. రూమ్మేట్‌కి చెబితే నవ్వుతాడేమోనని భయం. కొత్త ఉద్యోగం, సెలవు అడగాలంటే మొహమాటం. అలాంటప్పుడు మీరు "ఇది రాయి, తగ్గిపోతుంది" అంటే మారుమాట లేకుండా రాస్తాడు. మీ మాటకు ఆ ఇంట్లో అంత విలువ ఉంది.

అందుకే సూటిగా చెప్పేస్తాను. నల్ల ఫినాయిల్, తెల్ల ఫినాయిల్, నేల తుడిచే ద్రావణాలు, బ్లీచింగ్ పౌడర్, టాయిలెట్ క్లీనర్, ఏదీ తామరను నయం చెయ్యదు. చర్మాన్ని మాత్రం కాల్చగలదు. పుండ్లకు వాడే యాంటీసెప్టిక్ ద్రావణాన్ని వీటితో ఒకే గాటన కట్టను గానీ, అది కూడా తామరకు మందు కాదు.

"నేల మీద ఫంగస్‌ను చంపేది ఒంటి మీద ఎందుకు చంపదు?" అని మీలో ఒకాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. డబ్బా మీద ఫంగస్‌ను చంపుతుందని రాసి ఉన్న మాట నిజమే, గాజు పళ్లెంలో పెట్టి చూస్తే చంపుతుంది కూడా. కానీ తామర తెచ్చే ఫంగస్ చర్మం మీద దుమ్ములా పేరుకుని ఉండదు. చర్మం పైపొరలో కెరటిన్ అనే పదార్థం ఉంటుంది, గోళ్లూ వెంట్రుకలూ తయారయ్యేది కూడా దానితోనే. ఈ ఫంగస్ ఆ కెరటిన్‌ను తింటూ పొరల మధ్య పాకుతుంది, సన్నని నూగు వెంట్రుకల కుదుళ్లలోకి కూడా దిగుతుంది. మా వైపు వేరుశనగ చేలో తుంగ ఎలాంటిదో సేద్యం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పైన ఆకు మాడిపోయినా కింద గడ్డ బతికే ఉంటుంది, ఒక్క వాన పడితే మళ్లీ లేస్తుంది. ఫినాయిల్ రాసినప్పుడు జరిగేది అదే. పైన ఉన్నది కొంత చస్తుంది, పొరల్లో దాక్కున్నది అలాగే ఉంటుంది.

ఇంకో విషయం ఉంది, నా లెక్కలో అసలు విషయం అదే. ఫంగస్ కణం చుట్టూ ఉండే పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. మనిషి కణాల్లో అది ఉండదు, దాని బదులు కొలెస్ట్రాల్ ఉంటుంది. క్లోట్రిమజోల్, లులికొనజోల్, ఇట్రాకొనజోల్, టెర్బినాఫిన్ లాంటి తామర మందులన్నీ ఆ ఎర్గోస్టెరాల్ తయారీనే అడ్డుకుంటాయి. అందుకే ఫంగస్ దెబ్బతింటుంది, మన చర్మం దాదాపు క్షేమంగా ఉంటుంది. ఫినాయిల్‌కీ బ్లీచింగ్‌కీ ఈ తేడా తెలియదు. దొరికిన కణాన్నల్లా చంపడమే వాటి పని. ఫంగస్‌ను వేళ్లతో సహా చంపేంత ఘాటుగా, అంతసేపు ఉంచితే, దానికంటే ముందు చర్మం పోతుంది. చర్మానికి హాని లేనంత పలచగా కలిపితే ఫంగస్‌కూ ఏమీ కాదు. మధ్యలో సరిపోయే పాళ్లేవీ లేవు.

మరి "నాకు తగ్గింది" అని ఒట్టేసి చెప్పేవాళ్లు ఎందుకుంటారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నల్ల ఫినాయిల్‌లో బొగ్గు తారు నుంచి తీసిన క్రెసాల్ లాంటి ఫినాల్ జాతి రసాయనాలు ఉంటాయి. ఫినాల్ చర్మానికి తగిలితే కాసేపటికి ఆ చోట నరాల కొసలు మొద్దుబారతాయి. దురద ఠక్కున ఆగిపోతుంది. రాత్రంతా గోక్కుని నిద్రపోని మనిషికి అది ఎంత సుఖంగా ఉంటుందో ఊహించుకోండి. కానీ మొద్దుబారింది కాబట్టి కాలుతున్న సంగతి కూడా తెలియదు. దీనికి తోడు, మంట పుడితేనే మందు పనిచేస్తున్నట్టు అనే నమ్మకం మనలో పాతుకుపోయి ఉంది. పుండు మీద పడితే చురుక్కుమంటేనే మంచి మందు అనుకుంటూ పెరిగాం కదా.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. సాయంత్రం షాపులో జనం ఉన్న వేళ వచ్చి, అందరూ వెళ్లేదాకా ఫ్రిజ్ పక్కన నిలబడ్డాడు. లుంగీలో వచ్చాడు, కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తున్నాడు. దగ్గరికి వస్తే ఒంట్లోంచి ఫినాయిల్ వాసన. కాలిన చోట రాసే ఆయింట్‌మెంట్ అడిగాడు. ఎక్కడ కాలిందంటే ఫోన్లో ఫొటో చూపించాడు. రెండు తొడల లోపలి వైపు చర్మం కొంతమేర తెల్లగా నాని, కొంతమేర గోధుమ రంగుకు తిరిగి, అంచుల్లో తడి కాగితంలా ఊడి వస్తోంది. దూది నల్ల ఫినాయిల్‌లో ముంచి, నీళ్లు కలపకుండా రాసుకుని, దాని మీదే జీన్స్ ప్యాంటు వేసుకుని ఆఫీసుకు పోయాడట. "రాసిన కాసేపటికే దురద పోయింది అన్నా, అందుకే రాత్రి ఇంకోసారి రాశా" అన్నాడు. ఆ ఫొటోలో నాకు గుర్తుండిపోయింది ఒకటుంది. ఊడిన చర్మానికి అవతల, బయటి వైపున, తామర గీత ఎర్రగా ఉబ్బి చక్కగా కనబడుతోంది. కాలింది తన చర్మం. రోగం ఉన్నచోటే ఉంది. ఆయింట్‌మెంట్ ఇవ్వకుండా నేరుగా ఆసుపత్రికి పంపించాను.

గజ్జలు, వృషణాల మీది చర్మం చాలా పలచన. అరచేతి చర్మంతో దానికి పోలికే లేదు. అక్కడ రాసినది ఒంట్లోకి ఇంకడం కూడా ఎక్కువ. ఫినాల్ ఎక్కువ మోతాదులో చర్మం గుండా లోపలికి పోతే గుండె మీదా కిడ్నీల మీదా దెబ్బ పడుతుంది. ప్యాంటు బిగుతుగా ఉండి, చెమట పట్టి, రసాయనం ఆవిరయ్యే దారి లేకపోతే గాయం ఇంకా లోతవుతుంది. చర్మం పగిలాక ఆ పగుళ్లలోకి బ్యాక్టీరియా చేరి చీము పడుతుంది. అప్పుడు డాక్టర్‌కు కూడా చిక్కే, ఏది తామర, ఏది కాలిన గాయం, ఏది చీము అని తేల్చుకోవడం.

పొరపాటున ఎవరైనా రాసేసుకుంటే ఏం చెయ్యాలో మీకు తెలిసి ఉండాలి. తడిసిన బట్టలు వెంటనే విప్పించండి. ధారగా పారే మామూలు నీళ్లతో కనీసం 20 నిమిషాలు కడిగించండి. పసుపు, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, ఏదీ రాయనివ్వొద్దు. డబ్బా కూడా చేతికిచ్చి ఆసుపత్రికి పంపండి, అందులో ఏముందో చూస్తేనే డాక్టర్‌కు దారి తెలుస్తుంది. తల తిరుగుతున్నా, మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చెయ్యండి.

డబ్బాలన్నీ ఒకటి కావు, ఇది కూడా తెలియాలి. నేల తుడిచే సువాసన ద్రావణాల్లో ఎక్కువగా ఉండేది బెంజల్కోనియం క్లోరైడ్. బ్లీచింగ్‌లో క్లోరిన్. టాయిలెట్ గిన్నెకు వాడే నీలం ద్రావణాల్లో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దురద తట్టుకోలేక అది కూడా రాసుకున్నవాళ్లున్నారు. బ్లీచింగ్‌నూ ఆ ఆమ్లాన్నీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, కిటికీ లేని పీజీ బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇక డెట్టాల్‌లో ఉండేది క్లోరోజైలెనాల్, దాంతోపాటు ఆల్కహాల్, పైన్ నూనె. నీళ్లలో కలిపి చిన్న గాయాలు కడగడానికి పెట్టిన ద్రావణం అది. కలపకుండా గజ్జల్లో పోసుకుంటే మంట, ఎరుపు, పొట్టు. ఆ ఎరుపు చూసి రోగం పెరిగిందనుకుని ఇంకా పోస్తారు.

పెద్దవాళ్లలో కొందరు "మా కాలంలో కార్బాలిక్ వాడేవాళ్లం" అంటారు. ఆ మాట కొట్టిపారేయను. గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ 1865లో కార్బాలిక్ ఆమ్లంతో, అంటే ఇదే ఫినాల్‌తో, పుండ్లు కుళ్లకుండా ఆపి శస్త్రచికిత్సల దారే మార్చేశాడు. తర్వాత చాలా ఏళ్లు ఫినాల్ కొద్దిపాళ్లలో కలిపిన రంగు మందులను చర్మ వైద్యులు తామరకు పూసిన మాట కూడా నిజం. అయితే అవి కొలిచి కలిపిన మందులు, పూసిన చెయ్యి వైద్యుడిది. అంతకంటే మంచి మందులు లేని కాలం అది. ఆ రోజుల్లోనే ఈ రసాయనాలు చేతులను ఎలా తినేస్తాయో కూడా వాళ్లు చూశారు. 1890 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఒక నర్సు చేతులు క్రిమిసంహారకాల వల్ల పాడైపోతుంటే, సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆమె కోసం పలచని రబ్బరు గ్లౌజులు చేయించాడు. ఆపరేషన్ గదుల్లోకి గ్లౌజులు వచ్చిన తీరు అది.

మన దగ్గర మొన్నమొన్నటి సంగతి ఉండనే ఉంది. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌లో ఊరు చేరిన వలస కూలీలను ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో రోడ్డు మీద కూర్చోబెట్టి బ్లీచింగ్ ద్రావణం కొట్టారు. పిల్లల కళ్లు మండిపోయాయి. ఆ తర్వాత ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ, మనుషుల ఒంటి మీద క్రిమిసంహారకాలు చల్లవద్దు, హాని తప్ప ఉపయోగం లేదని స్పష్టంగా చెప్పింది. అప్పుడు కోవిడ్, ఇప్పుడు తామర. ఒళ్లు మాత్రం అదే ఒళ్లు.

ఇంతవరకు చెప్పింది ఏం చెయ్యకూడదో. కానీ ఇంత బెడద ఎందుకొచ్చిందో కూడా మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే తామర ఇదివరకటిలా లేదు. మన చిన్నప్పుడు ఒక ట్యూబ్ మందు రాస్తే పోయేది. గత పదేళ్లకు పైగా దేశమంతటా మొండి తామర కేసులు పెరిగాయని చర్మ వైద్యులు మొత్తుకుంటున్నారు. ఇందులో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ పాత్ర పెద్దది. భారత్, నేపాల్ నుంచి జపాన్ వెళ్లినవాళ్ల చర్మంలో దొరికిన దీన్ని 2020లో అక్కడి పరిశోధకులు కొత్త జాతిగా గుర్తించారు. ఎన్నో ఏళ్లుగా నమ్ముకున్న టెర్బినాఫిన్ మందుకు ఇది చాలాసార్లు లొంగదు. 2023లో అమెరికాలో, న్యూయార్క్‌లో ఇద్దరు మహిళల్లో కనబడితే అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. పేరులోనే మన దేశం ఉన్న ఈ ఫంగస్ మన గదుల్లో ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా పాకుతుంది.

దానికి ఎరువు వేసింది స్టెరాయిడ్ కలిసిన క్రీములు. ఇక్కడ నా వృత్తివాళ్ల తప్పు కూడా ఉంది, దాచను. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ ఒకే ట్యూబ్‌లో కలిపినవి చీటీ లేకుండా అమ్ముతూ వచ్చారు. 2018లో కేంద్రం స్టెరాయిడ్ పైపూత మందులను డాక్టర్ చీటీ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా చీటీ అడగని షాపులు ఇప్పటికీ ఉన్నాయి. స్టెరాయిడ్ రాస్తే ఎరుపూ దురదా రెండు రోజుల్లో తగ్గుతాయి. లోపల ఫంగస్‌ను అడ్డుకునే మన ఒంటి కాపలా కూడా తగ్గుతుంది, ఫంగస్ హాయిగా విస్తరిస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన మచ్చ ఆకారం చెదిరిపోయి డాక్టర్ కూడా గుర్తుపట్టలేని స్థితికి వస్తుంది. ఎక్కువకాలం రాస్తే తొడల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, అవి పూర్తిగా పోవు.

ఈ ట్యూబులు చాలా పీజీల్లో రిసెప్షన్ డ్రాయర్లో పడి ఉంటాయి. ఎవరో సగం వాడి వదిలేసి గది ఖాళీ చేసి వెళ్తారు, తర్వాత వచ్చినవాళ్లకు మీరు దయతో ఇస్తారు. దయచేసి ఈ రోజే ఆ డ్రాయర్ తెరిచి వాటిని పారేయండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో దూది, బ్యాండేజీ, జ్వరం మాత్ర, ఓఆర్ఎస్ ఉంటే చాలు.

సరైన వైద్యం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు, ఓపిక కావాలంతే. చర్మ వైద్యుడు చూస్తారు. అనుమానంగా ఉంటే మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఫంగస్ పోగులు కనబడతాయి. ఈ పరీక్ష చవకైనది, ఫలితం త్వరగానే తెలుస్తుంది. దురద ఉన్నదల్లా తామర కాదు కాబట్టి ఈ పరీక్షకు విలువ ఉంది. గజ్జి అయితే మందు వేరు, సబ్బు పడకపోతే వచ్చే దద్దురు వేరు, సోరియాసిస్ వేరు. తామరే అని తేలితే పైపూత మందు వారాల తరబడి రాయాలి, మచ్చ మీదే కాకుండా చుట్టూ 2 సెంటీమీటర్ల మేర మామూలుగా కనబడే చర్మం మీద కూడా. మచ్చ పోయాక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులు ఆపకూడదు. మన పిల్లలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. దురద తగ్గిన మూడో రోజు ట్యూబ్ మూత బిగించి మూలన పడేస్తారు. ఒళ్లంతా పాకితే మాత్రలు రాస్తారు, వాటిలో కొన్ని కాలేయం మీద ప్రభావం చూపేవి, వేరే మందులతో పడనివి. స్నేహితుడి చీటీ చూపించి కొనుక్కునేవి కావు అవి.

డబ్బులకు వెనకాడేవాళ్లకు విక్టోరియా ఆసుపత్రిలో, శివాజీనగర్‌లోని బౌరింగ్ ఆసుపత్రిలో చర్మ విభాగాలు ఉన్నాయని చెప్పండి. రెండూ ప్రభుత్వ బోధనాసుపత్రులే. కన్నడ రాదని భయపడే పిల్లలుంటే తోడుగా ఒకరిని పంపండి. బెంగళూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెలుగు అర్థమయ్యేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు, సరిహద్దు దాటి వచ్చే మనవాళ్లు అక్కడ కొత్తేమీ కాదు.

ఇక మీ చేతిలో ఉన్న పని. ఒక్కరికి వైద్యం చేయించి, అతన్ని అదే తడి గదిలో, అదే పరుపు మీద పడుకోబెడితే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. రాలిన చర్మపు పొట్టులో ఈ ఫంగస్ బీజాలు నెలల తరబడి బతికి ఉండగలవు. నలుగురు ఉండే గది ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? కిటికీ ఊచలకు జాకీలు, మంచం కోళ్లకు తువ్వాళ్లు, తలుపు వెనక మేకుకు నిన్నటి తడి జీన్స్. ఫ్యాన్ గాలికే ఆరాలి అన్నీ. జూన్ నుంచి అక్టోబర్ దాకా బెంగళూరులో ఎండ ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చిన గంట సేపు పిల్లలు ఆఫీసులో ఉంటారు. పొద్దున ఆరని లోదుస్తులే వేసుకుని పోతారు. తామరకు అంతకంటే ఏం కావాలి?

టెర్రస్ తాళాలు తీయండి. ఇది నా మొదటి విన్నపం. పిల్లలు పైన సిగరెట్లు తాగుతారనో, సోలార్ గొట్టాలు విరగ్గొడతారనో తాళం వేస్తారు, మీ ఇబ్బంది నాకు తెలుసు. కనీసం పగటి పూట తీసి, సగం మేర రేకు వేసి తాళ్లు కట్టండి. రేకు కింద గాలికి ఆరినా గదిలో ఆరిన దానికంటే నయం.

వాషింగ్ మెషిన్ గురించి కూడా ఒక మాట. చన్నీళ్లలో ఉతికితే ఈ ఫంగస్ బట్టల్లోంచి పూర్తిగా పోదు, పైగా ఒకరి బట్టల నుంచి ఇంకొకరి బట్టలకు అంటుతుంది. 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితే చస్తుంది. మీ మెషిన్‌లో ఆ సదుపాయం ఉంటే వారానికి ఒక పూట దుప్పట్లకూ తువ్వాళ్లకూ కేటాయించండి. లేకపోతే తామర ఉన్నవాళ్ల లోదుస్తులూ తువ్వాళ్లూ బకెట్‌లో బాగా వేడి నీళ్లు పోసి నానబెట్టి, విడిగా ఉతుక్కుని, ఆరాక లోపలి వైపు ఇస్త్రీ చేసుకోమనండి. ఒక ఇస్త్రీ పెట్టె అంతస్తుకొకటి పెట్టడం మీకు భారం కాదు.

నీళ్ల సంగతి మీకు నేను చెప్పేదేమీ లేదు. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం మీరు పడ్డ అవస్థ ఈ ఊళ్లో అందరూ చూశారు. ఆ ఏడాదే అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ పీజీలకు పెట్టిన నిబంధనల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, 70 చదరపు అడుగుల చోటు ఉండాలని ఉంది. వాటిని లైసెన్స్ కోసం చూపించే లెక్కగా మాత్రమే చూడకండి. చెమట పట్టిన ఒళ్లు కడుక్కోవడానికీ, బట్టలు మార్చుకోవడానికీ, పక్కవాడి పక్క తగలకుండా పడుకోవడానికీ ఆ లెక్కలే ఆధారం.

ఫినాయిల్‌కు ఇక్కడ చక్కటి పని ఉంది. బాత్రూం గచ్చు ముందు సబ్బుతో రుద్ది మురికి తీయించి, తర్వాత డబ్బా మీద రాసిన పాళ్లలో కలిపి పోయించండి. పోసిన వెంటనే తుడిచెయ్యకుండా దాని మీద చెప్పినంతసేపు తడిగా ఉండనివ్వాలి, చాలావాటికి అది పది నిమిషాలు. అందరూ వాడే బకెట్లూ మగ్గులూ కూడా అలాగే కడిగించండి. గది ఖాళీ అయినప్పుడు పరుపు ఎండలో వేయించి, ఉతికే వీలున్న కవర్ తొడిగించండి. కొత్తగా వచ్చిన అమ్మాయికో అబ్బాయికో పాత మనిషి పొట్టు రాలిన పరుపు ఇవ్వకండి.

ఇక్కడే ఇంకొకరిని మరిచిపోవద్దు. మీ పీజీల్లో నేలలు కడిగే అక్కలు. రోజంతా ఉత్త కాళ్లతో, ఉత్త చేతులతో ఆ ఫినాయిల్ నీళ్లలోనే ఉంటారు. మా షాపుకు వచ్చి చేతులు చాపి చూపిస్తే వేళ్ల సందులు తెల్లగా నానిపోయి, గోళ్ల మొదట్లో ఉబ్బి, అరచేతులు గీతలు గీతలుగా పగిలి ఉంటాయి. ఒక అక్క కొడుకు స్కూలు పుస్తకానికి అట్ట వేస్తుంటే కాగితానికి రక్తం అంటిందని చెప్పింది. మోచేతిదాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, ఒక జత రబ్బరు చెప్పులు కొనివ్వండి, చిరిగితే మళ్లీ కొనండి. వంటవాళ్లూ హెల్పర్లూ కింద ఒకే గదిలో చాపలు పరుచుకుని పడుకుంటారు. వాళ్లలో ఒకరికి తామర ఉంటే అందరికీ చూపించాలి, లేకపోతే అది ఆ గదిలోనే తిరుగుతూ ఉంటుంది. ఆ రోజు జీతం కొయ్యకుండా పంపిస్తేనే వాళ్లు ఆసుపత్రికి పోతారు.

లేడీస్ పీజీల వార్డెన్ అక్కలకు విడిగా రాయాలనుకున్నాను, ఇక్కడే చెబుతాను. ఆడపిల్లలకు నడుం దగ్గర నాడా బిగించే చోట, రొమ్ముల కింద, తొడల్లో వస్తుంది. మా షాపులో మగవాళ్లం ఉంటే అడగకుండా శానిటరీ ప్యాడ్లు మాత్రం కొనుక్కుని వెళ్లిపోతారు. చివరికి వాళ్లు అందుకునేది కూడా బాత్రూంలోని బాటిలే. మీరు ముందుగా ఒక మాట అడిగితే చెబుతారు. "ఇది మురికి వల్ల వచ్చేది కాదమ్మా, చెమటకీ తడికీ ఎవరికైనా వస్తుంది, డాక్టర్ దగ్గరికి పోదాం పద" అంటే చాలు.

తామర వచ్చిందని తెలియగానే గది ఖాళీ చేయించిన యజమానులు కూడా ఉన్నారు. మిగతా పిల్లలు ఫిర్యాదు చేశారని, పీజీ పేరు పోతుందని అలా చేస్తారు. దాని ఫలితం ఏమిటంటే, మిగిలినవాళ్లెవరూ నోరు విప్పరు. దాచుకుని ఫినాయిల్ రాసుకుంటారు, అదే తువ్వాలు అందరి తువ్వాళ్ల మధ్య ఆరేస్తారు. తామర ఉన్నా గదిలో ఉండొచ్చు, ఉద్యోగానికి పోవచ్చు, అందరితో కూర్చుని తినొచ్చు. తువ్వాలు, బట్టలు, పక్క, సబ్బు విడిగా ఉంచుకుని మందు సరిగ్గా వాడితే చాలు. అడ్వాన్స్ పోతుందన్న భయం లేకపోతే పిల్లలు మొదటి మచ్చ కనబడ్డప్పుడే మీకు చెబుతారు, అప్పుడు వైద్యం కూడా తేలిక.

మీ బాత్రూం తలుపుకు లోపలి వైపు అంటించడానికి ఒక పేజీ తయారు చేశాను. తెలుగులో, కన్నడలో, హిందీలో ఉంది. ఈ ద్రావణాలు ఒంటికి రాయకూడదని, రాసుకుంటే ఏం చెయ్యాలో, దురదకు ఎక్కడికి వెళ్లాలో అందులో పెద్ద అక్షరాల్లో రాసి, మా షాపుకు వచ్చే ఒక చర్మ వైద్యురాలికి చూపించి సరిచేయించాను. మారతహళ్లి చుట్టుపక్కల పీజీలకు నేనే తెచ్చి ఇస్తాను, అంటించడానికి మీ అనుమతి కావాలి. మిగతా ప్రాంతాలవాళ్లు ఈ ఉత్తరంలోంచే ఆ మూడు విషయాలూ రాసి పెట్టుకోవచ్చు. లోపలి వైపే అంటించండి, తలుపు వేసుకున్నాక ఒంటరిగా చదువుకునే వీలుండాలి.

ఇట్లు,
ఒక తెలుగు ఫార్మసిస్ట్,
మారతహళ్లి, బెంగళూరు